సాధుచేయడం అంటే సంకెళ్లు వేయడమా?



పోయిన నెల ఒక బుధవారం సాయంత్రం మా సంఘంలో బైబిలు స్టడీ జరుగుతోంది. యాకోబు పత్రిక 3వ అధ్యాయం చదువుకుంటున్నాం. డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఫోనులో ఇంగ్లీషు బైబిలు తెరిచి పెట్టుకుంది. 7, 8 వచనాల దగ్గర ఆగి అడిగింది: "అయ్యగారూ, మన బైబిల్ల సాధుచేయుట అని ఉన్నది. ఇంగ్లీషుల టేమ్ అని ఉన్నది. టేమ్ అంటే మచ్చిక చేసుకునుడు గదా? కుక్కను, చిలకను మచ్చిక చేసుకుంటరు. నాలుకను ఎట్ల మచ్చిక చేసుకుంటరు?"

నేను జవాబు చెప్పేలోపే వెనుక కూర్చున్న ఒక అవ్వ అంది: "నాలుక సంగతి తర్వాత బిడ్డా. నలభై ఏండ్లాయె, మా ముసలాయననే మచ్చిక చేసుకోలేకపోతి." అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేనూ ఏదో ఒక జవాబు చెప్పి ముందుకు పోయాను. కానీ ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి ప్రశ్న నన్ను వదల్లేదు. సాధుచేయడం, మచ్చిక చేయడం, లొంగదీయడం, అణచడం. ఇవన్నీ ఒకటేనా? దేవుడు మనలను సాధుచేస్తాడంటే మనకు ఏమి చేస్తాడు? సేవకులమని చెప్పుకునే మేము మనుషులకు ఏమి చేస్తున్నాం? ఈ వ్యాసం ఆ ప్రశ్నలోనుంచి వచ్చింది.

మాట పుట్టుక

టేమ్ చాలా పాత మాట. పాత ఇంగ్లీషులో అది 'టామ్'. లాటిన్‌లో 'దొమారె', గ్రీకులో 'దమాజో', సంస్కృతంలో 'దమ్' అనే ధాతువు. ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే అని భాషాశాస్త్రం చదివినవారు చెబుతారు. యాకోబు భక్తుడు రాసింది దమాజో అనే మాటే. అంటే ఆ అమ్మాయి ఫోనులో చూసిన ఇంగ్లీషు మాట, యాకోబు రాసిన గ్రీకు మాట, మన ఊళ్లో పురాణం చెప్పేవారు వాడే 'శమదమాలు'లోని దమము, మూడూ దగ్గరి చుట్టాలు.

ఈ చుట్టరికంలో ఒక విచిత్రం ఉంది. శమదమాలు అన్నప్పుడు దమము మంచి గుణం. మనిషి తన కోరికలను, తన కోపాన్ని తానే పట్టి నిలపడం. కానీ అదే ధాతువు నుండి పుట్టిన 'దమనం' మనకు ఎక్కడ కనబడుతుంది? పేపర్లో, దమనకాండ అనే మాటలో. లాఠీలు, తుపాకులు, అరెస్టులు. ఒకే వేరు నుండి రెండు కొమ్మలు వచ్చాయి. ఒకటి మనిషి తనను తాను పట్టుకోవడం. ఇంకొకటి బలవంతుడు బలహీనుణ్ణి పట్టి వంచడం. టేమ్ అనే మాట చరిత్ర అంతా ఈ రెండు కొమ్మల మధ్యనే నడిచింది.

ఈ కుటుంబంలో ఇంకొందరిని కూడా చూడండి. గ్రీకులో 'అదమాస్' అంటే ఎవరికీ లొంగనిది. దానినుండే ఇంగ్లీషులో వజ్రానికి డైమండ్ అనే పేరు, మొండివాణ్ణి అనే ఆడమెంట్ అనే మాట వచ్చాయి. జెకర్యా 7:12లో వాక్యం వినకుండా హృదయాన్ని రాయి చేసుకున్నవారి గురించి ఉంటుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో అక్కడ వాడింది ఈ ఆడమెంట్ అనే మాటనే. మరోవైపు హెబ్రీ పత్రిక 9:13లో చెప్పిన ఆవుదూడకు గ్రీకు మాట 'దమాలిస్'. కాడికి రావలసిన కోడెదూడను సంస్కృతంలో 'దమ్యము' అంటారు. కాబట్టి ఈ మాట రాజుల దగ్గర పుట్టింది కాదు. పశువుల కొట్టంలో తిరిగిన మాట.

మచ్చిక అయిన జంతువుల గురించి ఇంగ్లీషువారికి మరో మాట ఉంది: డొమెస్టిక్. ఇది లాటిన్‌లో 'దోముస్', అంటే ఇల్లు, అనే మాట నుండి వచ్చింది. ఇంటిది అయినది, ఇంటిలో చోటు దొరికినది అని అర్థం. ఇల్లు అనే మాట, లొంగదీయడం అనే మాట మొదట్లో ఒకటేనా కాదా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. అందుకని నేను ఆ రెండిటినీ ముడివేయను. కానీ పక్కపక్కన పెట్టి చూడమంటాను. సంకెళ్లు ఒకవైపు, ఇల్లు ఒకవైపు. ఈ తేడా గుర్తుంచుకోండి, చివరిలో మనకు పనికివస్తుంది.

మన తెలుగు మాటలు కూడా వినండి. మచ్చిక, మాలిమి అన్నప్పుడు అందులో ప్రేమ ఉంది. పోలీసులు దొంగను మచ్చిక చేసుకున్నారని ఎవరూ అనరు. లొంగదీశారంటారు. లొంగదీయడంలో, అణచడంలో బలం ఉంది. మన బైబిలు తర్జుమా చేసినవారు ఈ రెండు రకాలనూ పక్కన పెట్టి 'సాధు' అనే మాట తీసుకున్నారు. సాధువు అంటే మంచివాడు. సాధుజంతువు అంటే హాని చేయనిది. దెబ్బకు భయపడి ఊరుకున్నది సాధువు కాదు, లోపలి గుణం మారినది సాధువు. ఇంగ్లీషులో ఆ మాటకు ఇంత గౌరవం లేదు. ఆట చప్పగా సాగితే టేమ్ అంటారు, చెప్పుచేతల్లో ఉండే మనిషిని కూడా టేమ్ అనే అంటారు. ఈ ఒక్కచోట మన తెలుగు మాటే వాక్యానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది.

కాడి

మా సంఘంలో ఎక్కువమంది వ్యవసాయం చేసినవారే. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి గాని, యాభై దాటినవారందరికీ కోడెలను కాడికి అలవాటు చేయడం తెలుసు. నేను ఒక పెద్దాయనను అడిగాను. ఆయన వివరంగా చెప్పాడు. కోడె రెండు మూడేళ్లది అయ్యాక ముక్కు కుట్టి ముకుతాడు వేస్తారు. నొప్పి తప్పదు. తర్వాత ఒంటరిగా కాడి కట్టరు. బాగా నడక నేర్చిన ముసలి ఎద్దును తెచ్చి పక్కన కడతారు. మొదట నాగలి ఉండదు, ఉత్త మొద్దు లాగిస్తారు. కోడె ఎగురుతుంది, పక్కకు లాగుతుంది, పండుకుంటుంది. ముసలి ఎద్దు మాత్రం తన దారిన తాను నడుస్తుంది. బరువంతా అదే మోస్తుంది. కొన్ని రోజులకు కోడె దాని అడుగులో అడుగు వేస్తుంది.

"మరి కొట్టరా?" అని అడిగాను. "కొట్టెటోళ్లు కొడ్తరు. దెబ్బలతోని నేర్చిన ఎద్దు చెర్నకోల కనబడ్డంతసేపే నడుస్తది అయ్యా. చేతుల ఏం లేదని తెలిస్తే చేనుల వడ్తది" అన్నాడు.

మత్తయి 11:29 నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రభువు తన కాడి ఎత్తుకొమ్మన్నాడు. అదే వచనంలో తాను సాత్వికుడనని చెప్పాడు. సాత్వికుడు అనే చోట గ్రీకులో ఉన్న మాట 'ప్రవుస్'. గ్రీకు రచయిత జెనొఫోన్ గుర్రాల పెంపకం గురించి రాసినప్పుడు నెమ్మదైన గుర్రానికి ఈ మాటే వాడాడు. అంటే కాడి ఎత్తుకొమ్మని పిలిచేవాడు చెర్నకోల పట్టుకుని వెనుక నడిచే యజమాని కాదు. పక్కన అదే కాడి కింద మెడ పెట్టినవాడు. ఆ పెద్దాయన చెప్పిన తర్వాతే నాకు ఈ వచనం సరిగా అర్థమైంది. సెమినరీలో మూడేళ్లు చదివినా అది నాకు ఇంత తేటగా తెలియలేదు.

నది

యాకోబు చెప్పింది ఏమిటంటే, మృగాలు, పక్షులు, పాకేవి, నీటిలో ఉండేవి అన్నీ మనిషికి లొంగాయి. మన జిల్లాలలో ఇంకొకటి కూడా లొంగింది, కృష్ణా నది. ఆనకట్ట కట్టినప్పుడల్లా ఇంగ్లీషు పేపర్లు నదిని టేమ్ చేశారని రాస్తాయి. హార్నెస్ చేశారని కూడా రాస్తాయి. హార్నెస్ అంటే గుర్రానికి, ఎద్దుకు కట్టే కట్టుతాళ్లు. నదిని కూడా పశువు లెక్కనే చూశారన్నమాట.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967లో ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. రాతితో కట్టిన అంత పెద్ద ఆనకట్టలో యంత్రాల కంటే మనుషుల చేతులే ఎక్కువ పనిచేశాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలు వెళ్లేవారు. తట్ట మోసి, మట్టి తవ్వి, గుడిసెల్లో పిల్లలను కని, పని అయ్యాక మళ్లీ ఇంకో ఆనకట్టకు పోయేవారు. మా సంఘంలోని పెద్దల పేర్ల పక్కన ఎన్ని ఊర్ల ఆనకట్టలు ఉన్నాయో లెక్కలేదు.

వారు నదిని లొంగదీశారు గాని, ఆ నీళ్లు వారి చేలకు రాలేదు. సాగర్ మన జిల్లాలోనే ఉండగా నల్లగొండ పల్లెలు ఎన్నో ఏండ్లు ఫ్లోరైడు నీళ్లు తాగాయి. నడుము వంగిన మనుషులను, కాళ్లు వంకర తిరిగిన పిల్లలను మీరూ చూసి ఉంటారు. ఎగువన శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎన్నో ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. అది మంచిపనే. కానీ మునిగిన ఊళ్ల మనుషులను అంత జాగ్రత్తగా ఎవరు విప్పి ఎవరు కట్టారు? లొంగదీయడంలో మనిషి గొప్పవాడే. లొంగదీశాక ఎవరికి మేలు అన్న లెక్క దగ్గరే తడబడతాడు.

మనుషులు

పశువును, నదిని దాటి, మనిషి తోటి మనిషిని కూడా టేమ్ చేయబోయాడు. ఈ భాగం మన క్రైస్తవులకు కొంచెం కష్టంగా ఉంటుంది. అయినా చదవండి.

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. కొన్ని కులాలలో, తెగలలో పుట్టినవారందరినీ పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కించే చట్టం అది. మొదట ఉత్తరాన అమలైంది, 1911 నాటికి మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన పాలమూరు, నల్లగొండలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. కృష్ణకు అవతలి ఒడ్డు మాత్రం ఇంగ్లీషువారిది. అక్కడి ఎరుకలవారు ఈ చట్టం కింద పడ్డారు. పోలీసు దగ్గర పేరు రాయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరు చేసే అధికారాన్ని కూడా చట్టం ఇచ్చింది.

వీరిని ఒకచోట ఉంచి బాగుచేసే పనిని ప్రభుత్వం కొన్నిచోట్ల మిషనరీలకు అప్పగించింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా ఏర్పడిందే. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు ఆ ఊరికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఇలాంటి పనే చేసింది.

ఆ పనికి వారు పెట్టుకున్న ఇంగ్లీషు మాట 'రిక్లెయిమ్'. ఈ రోజు అది మంచి మాటలా వినిపిస్తుంది, తిరిగి పొందడం అని. కానీ ఆ మాట మొదట డేగల వేటలోది. ఎగిరిపోయిన డేగను పిలిచి మళ్లీ చేతి మీదికి రప్పించుకోవడం, దానిని మచ్చిక చేయడం. డేగ కాలికి తోలు పట్టీ ఉంటుంది, కళ్లకు గంత ఉంటుంది. అది కూడా టేమ్‌కు మరో పేరే.

నేను ఆ మిషనరీలను తక్కువ చేసి మాట్లాడటం లేదు. దేశం విడిచి వచ్చి, మనవారు ముట్టని మనుషుల మధ్య కాపురం పెట్టి, బడులు పెట్టి, మందులు ఇచ్చి, చేతిపనులు నేర్పారు. నేను చదువుకున్నది అలాంటివారు వేసిన పునాది మీదనే. 1889లో రష్యా నుండి ఈ దేశానికి వచ్చిన అబ్రాహాము ఫ్రీజన్ గారు నల్లగొండలో పని మొదలుపెట్టకపోతే ఈ వైపున ఎన్ని సంఘాలు ఉండేవో చెప్పలేం. కానీ ఒక ప్రశ్న అడగక తప్పదు. ఒక చేతిలో వాక్యం, ఇంకో చేతిలో హాజరు పుస్తకం ఉంటే ఎదుటి మనిషికి ఏది ముందు కనబడుతుంది? ప్రార్థనకు వచ్చినవాడు దేవుని కోసం వచ్చాడా, పేరు పిలుస్తారని వచ్చాడా? ఆ రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు అతనికి కూడా తేడా తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. విముక్త జాతులు అనే పేరు వచ్చింది. అయినా స్టువర్టుపురం అనగానే దొంగలు అనడం జనం నోట పోలేదు. చట్టాన్ని రద్దు చేయగలిగారు, నాలుకను రద్దు చేయలేకపోయారు. యాకోబు చెప్పింది ఇదే కదా!

1970లలో హేమలతా లవణం గారు ఆ ఊరికి వెళ్లారు. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువా గారి కూతురు. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఇంటి కోడలు. మన విశ్వాసం ఆమెది కాదు. కానీ ఆమె చేతిలో హాజరు పుస్తకం లేదు. ఆ ఇళ్లలోకి వెళ్లారు, వారి మధ్య కూర్చున్నారు, వారి మాట విన్నారు. నేరం మానుకోవడానికి ముందుకొచ్చినవారి పక్షాన నిలబడి ప్రభుత్వంతో మాట్లాడారు. మంచి సమరయుని కథలో యాజకుడు, లేవీయుడు దాటిపోయిన దారిలో ఎవరు ఆగారో మనకు తెలుసు. దేవుడు మనకు సిగ్గు కలిగించడానికి ఎవరినైనా వాడుకుంటాడు.

ఇక మన వైపు చూద్దాం. అచ్చంపేట దాటి అమ్రాబాద్ మీదుగా నల్లమలలోకి పోతే చెంచుల పెంటలు వస్తాయి. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు భార్యతో కలిసి ఆ అడవిలో చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో వారి గురించి పుస్తకం అచ్చువేశాడు. ఆ కాలపు ఇంగ్లీషు రాతల్లో చెంచులను అడవి మనుషులని, మచ్చిక కాని జాతి అని చూసే అలవాటు ఉండేది. ఆయన దగ్గరగా చూసినప్పుడు కనబడింది వేరు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, వేటాడి, ఉన్నది పంచుకుని బతికే కుటుంబాలు. ఇల్లు లేనివారు కాదు, అడవే ఇల్లుగా ఉన్నవారు. ఆ తర్వాత నల్లమలలో పులుల కోసం అభయారణ్యం వచ్చింది. పులి అడవిలోనే ఉండాలట, చెంచు బయటికి పోవాలట. మచ్చిక కాని జంతువుకు చోటు ఉంది, సాధువైన మనిషికి చోటు లేదు.

మైదానంలో ఇంకో రకం దమనం నడిచింది. దొరల గడీల కింద వెట్టి. తరతరాలుగా మన తాతలను వంచి వంచి, "నీ బాంచెన్ కాల్మొక్త" అనే మాట నోటికి అలవాటు చేశారు. ముకుతాడు కనబడదు, మెడ మాత్రం వంగే ఉంటుంది. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడు. ఆ మనిషిని మనుషులు కాడి ఎద్దును చేశారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి తన చేను దక్కించుకున్నప్పుడు, 1946 తర్వాత నల్లగొండ పల్లెలు లేచినప్పుడు, ఆ వంగిన మెడలు పైకి లేచాయి. లూకా 13లో పద్దెనిమిది ఏండ్లు నడుము వంగిన స్త్రీని ప్రభువు నిటారుగా నిలబెట్టాడు. అక్కడ ఆయన చేసింది సాధుచేయడం కాదు, కట్లు విప్పడం. కొందరికి కాడి నేర్పాలి, కొందరి మెడ మీది కాడి తీయాలి. ఎవరికి ఏది అవసరమో తెలియని సేవకుడు ప్రమాదకరమైనవాడు. కూలివానికి లోబడమని ప్రసంగించి, దొరకు ఏమీ చెప్పని ప్రసంగాలు మన పుల్పిట్ల మీద కూడా వినబడ్డాయి. భర్త కొట్టిన దెబ్బలతో వచ్చిన ఆడబిడ్డకు "ఓర్చుకో అమ్మా, లోబడు" అని పంపిన పాస్టర్లు ఉన్నారు. షేక్‌స్పియర్ నాటకం ఒకటి ఉంది, దాని పేరులోనే ఈ టేమ్ అనే మాట ఉంది. అందులో భర్త భార్యను తిండి పెట్టక, నిద్రపోనీయక లొంగదీస్తాడు. నాలుగు వందల ఏండ్లుగా జనం దానిని చూసి నవ్వుతున్నారు. మన ఊళ్లో అది నాటకం కాదు.

సమాధులలో ఉన్న మనిషి

దమాజో అనే మాట క్రొత్త నిబంధనలో రెండే రెండు సందర్భాలలో వస్తుంది. ఒకటి యాకోబు 3. రెండోది మార్కు 5:4. సేన అనే దయ్యాలు పట్టిన మనిషి దగ్గర. ఆ అమ్మాయి అడిగాక నేను ఈ రెండిటినీ కలిపి చదివాను, నా కళ్లు తెరుచుకున్నాయి.

ఆ ఊరివారు అతనికి ఏమి చేశారు? గొలుసులు వేశారు. కాళ్లకు సంకెళ్లు వేశారు. ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు. అతను తెంపుకుని పోయేవాడు. అతనిని సాధుపరచడం ఎవరివల్లా కాలేదు. ఇక్కడ ఉన్న మాట దమాజోనే. ఊరు ప్రయత్నించింది, ఓడిపోయింది. అతను సమాధులలో ఉంటూ, రాళ్లతో తనను తానే కోసుకుంటూ తిరిగాడు.

యేసు ప్రభువు వచ్చి ఏమి చేశాడు? గొలుసు అడగలేదు. పేరు అడిగాడు. ఎవరూ అడగని ప్రశ్న అది. తర్వాత ఊరివారు వచ్చి చూసేసరికి, అతను బట్టలు కట్టుకుని, స్థిరమైన మనసుతో కూర్చుని ఉన్నాడు. అప్పుడు వారికి ఏమైంది? భయం వేసింది. సంకెళ్లలో అరిచేవాణ్ణి చూసి వారికి అలవాటే, బుద్ధిగా కూర్చున్నవాణ్ణి చూసి భయపడ్డారు. ఎందుకంటే ఇప్పుడు అతనిని మనిషిగా చూడాలి.

అతను ప్రభువు వెంట వస్తానని బతిమాలాడు. ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లమన్నాడు, తనవారి దగ్గరకు వెళ్లి, జరిగింది చెప్పమన్నాడు. ప్రియులారా, మనం మొదట పక్కపక్కన పెట్టుకున్న రెండు మాటలు గుర్తున్నాయా? సంకెళ్లు ఒకటి, ఇల్లు ఒకటి. ఊరు సంకెళ్లు వేసి అతనిని సమాధులకు తోలింది. ప్రభువు సంకెళ్లు లేకుండా అతనిని ఇంటికి పంపాడు. దేవుడు సాధుచేయడం అంటే ఇదే. మనిషిని వంచడం కాదు, మనిషిని అతని ఇంటికి చేర్చడం. చెప్పుచేతల్లో ఉండేవాణ్ణి చేయడం కాదు, తన నోటితో తాను చెప్పుకోగలవాణ్ణి చేయడం.

నా నాలుక

ఇంత రాశాక నా సంగతి చెప్పకపోతే అది వేషధారణ అవుతుంది.

నాలుగేండ్ల క్రితం మా సంఘంలో ఒక యువకుడు ఉండేవాడు. ట్రాక్టర్ నడిపేవాడు. తాగుడు అలవాటైంది. పెద్దలు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, వాణ్ని జర మీరే గాడిల పెట్టాలె" అన్నారు. నేను ఆదివారం ప్రసంగంలో తాగుబోతుల గురించి మాట్లాడాను. పేరు చెప్పలేదు. ట్రాక్టర్ గురించి ఒక మాట అన్నాను. పిల్లల బువ్వ డబ్బులు తాగేవాని గురించి ఇంకో మాట అన్నాను. అందరూ వెనుదిరిగి అతని వైపు చూశారు. అతని భార్య తల దించుకుంది. అతను లేచి బయటికి పోయాడు. ప్రసంగం అయ్యాక పెద్దలు నన్ను మెచ్చుకున్నారు. నాకూ సంతోషమైంది. అబద్ధం చెప్పను.

రెండేండ్లు అతను గుడి వైపు రాలేదు. నేనూ అతని ఇంటికి పోలేదు. వాడే రావాలి అనుకున్నాను. తర్వాత అతని తల్లికి జబ్బు చేస్తే ప్రార్థన చేయడానికి వెళ్లాను. అతను ఇంట్లోనే ఉన్నాడు. ప్రార్థన అయ్యాక, బయట వేపచెట్టు కింద నిలబడి, "నేను చెప్పింది తప్పు తమ్మీ" అన్నాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మీరు నా పేరు చెప్పలే అయ్యగారూ. చెప్పినా మంచిగుండు. పేరు చెప్పకుంటనే ఊరంత చూపిచ్చిండ్రు."

ప్రభువు సమాధుల మధ్య ఉన్న మనిషిని పేరు అడిగాడు. నేను నా సంఘం బిడ్డ పేరు ఎత్తకుండానే అతనికి ఊరి ముందు సంకెళ్లు వేశాను. ఆ సంకెళ్లు ఇనుమువి కావు, నా నాలుకతో చేసినవి. ఎద్దు లొంగింది, కృష్ణ లొంగింది, డేగ లొంగింది. ఇరవై ఏండ్లుగా వాక్యం చెబుతున్న నా నాలుక లొంగలేదు. యాకోబు ఆ మాట రాసింది లోకంలోని తాగుబోతుల గురించి కాదు. ఆ అధ్యాయం మొదటి వచనం చూడండి. బోధకుల గురించి మొదలుపెట్టాడు.

ఇప్పుడు అతను తాగుడు మానేశాడా అని మీరు అడగవచ్చు. తగ్గించాడు, పూర్తిగా మానలేదు. ఆదివారం గుడికి వస్తున్నాడా అంటే ఇంకా లేదు. నేను మాత్రం వారం వారం వాళ్ల ఇంటికి వెళ్తున్నాను. మొదట్లో నేను వస్తే లోపలికి పోయేవాడు. ఇప్పుడు వేపచెట్టు కింద కుర్చీ వేస్తాడు. పోయినసారి రెండు కుర్చీలు వేశాడు.

యాకోబు నాలుకను సాధుచేయడం ఏ మనుషుని వల్లా కాదని రాశాడు. ఆ అమ్మాయికి ఇప్పుడు నేను చెప్పే జవాబు ఇది. మనుషుల వల్ల కాదమ్మా. కానీ మార్కు 5లో కూడా ఎవరి వల్లా కాలేదనే రాసి ఉంది, ఆ తర్వాత ప్రభువు పడవ దిగాడు. ఇద్దరి దగ్గరా ఒకే మాట ఉంది కాబట్టి, ఒకరి దగ్గర జరిగింది ఇంకొకరి దగ్గర కూడా జరుగుతుందని నేను నమ్ముతున్నాను.

ప్రియ పాఠకులారా, ఈ వారం మీ ఇంట్లో ఎవరినైనా గాడిలో పెట్టాలని మీకు అనిపిస్తే, అది కొడుకు కావచ్చు, కోడలు కావచ్చు, పనివాడు కావచ్చు, ఒక్క నిమిషం ఆగి చూడండి. మీ చేతిలో ఉన్నది గొలుసా, లేక వారి పక్కన మీరు కూడా మెడ పెట్టిన కాడియా? ఈ రెండోది అయితేనే మాట్లాడండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మేము ఎవరికి సంకెళ్లు వేశామో మాకు చూపించు. వారి ఇంటి గుమ్మం దాకా మమ్మల్ని నడిపించు. మా నాలుకను నీ కాడి కింద పెట్టుకో. యేసు నామమున, ఆమేన్.